మా బాపు ముద్ర వేసిన రూపాయలు

ఈరోజు పొద్దున నేను ఒక ముసలామెను చూసి నవ్వాను. నవ్వి ఊరుకుంటే కొంత నయం. నవ్వి, ఆపైన పాఠం చెప్పాను. చేవెళ్ళ బజారులో ఒకప్పుడు మా కిరాణా కొట్టు ఉన్న మడిగెలో ఇప్పుడు ఫోన్లు బాగుచేసే ఇద్దరు కుర్రవాళ్ళున్నారు. పైకప్పు కారుతోందంటే చూడడానికి వెళ్ళాను. చూడడం అయిపోయాక కూడా కదలకుండా వాళ్ళకు లోకజ్ఞానం పంచుతూ కూర్చున్నాను. అది నాకు చాలా ఏళ్ళ నుంచి ఉన్న జబ్బు. అప్పుడు అంతమ్మ మెట్టెక్కి వచ్చింది. మొయినాబాద్ దగ్గరి పల్లెలో కొత్తిమీర పండించి, మా కాలంలో రోజూ గంపతో బస్సెక్కిన అంతమ్మ. కొంగుముడి విప్పి అద్దం బల్ల మీద నాలుగైదు అట్టముక్కలు పరిచి, "చిన్న సేటు, ఇవి ఇంక నడుస్తయా?" అని అడిగింది.

జుట్టంతా నెరిసినా నేను ఆమెకు చిన్న సేటునే. నాన్నను మేము బాపు అనేవాళ్ళం. అట్టల మీద ఆయన కొట్టు ముద్ర కనబడగానే నాకు నవ్వు ఆగలేదు. కుర్రవాళ్ళను పిలిచి చూపించాను. "అంతమ్మక్కా, పైస అంటే ఏంది? పది మంది తీసుకుంటేనే పైస. వీటిని ఇప్పుడు చెత్తబండోడు కూడ తీసుకోడు" అన్నాను. కుర్రవాళ్ళు నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు కాబట్టి ఆమె కూడా కొంచెం నవ్వింది. "రేపు ఊరు ఇడిచి పోతున్న. జాగ అమ్మినం గద. కొండకల్‌ల నా బిడ్డ ఇంటికి పోతున్న. ఊరు ఇడిచేటోళ్ళు ఇచ్చేది ఇచ్చెయ్యాలె, వచ్చేది తీసేసుకోవాలె, ఏదీ ఎనక ఉంచొద్దంటరు. అందుకని అడిగిన, అంతే" అని, ముక్కలు ఏరుకొని ముడివేసుకొని, బస్సు వస్తోందంటూ దిగిపోయింది. కాసేపటికి బల్ల మీది ఒక ఫోను కింద నుంచి ఒక ముక్క బయటపడింది. కుర్రవాడు నా చేతికి అందించాడు. ఎర్రగా ఉంది. నవ్వేటప్పుడు నేను ముద్రను చూశానే తప్ప అట్టను చూడలేదు. మా బాపు ఎర్ర అట్ట మీద ముద్ర వేసింది తన జీవితంలో ఒకే ఒక్క సాయంత్రం. ఆ సాయంత్రం ఆయన మీదికి తెచ్చింది నేనే.

ఆ ఎర్ర ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. మా కొట్టుకు మాత్రం ఉండేది. బెల్లం, ఎండుమిర్చి, పల్లీనూనె, గోనెసంచుల దుమ్ము కలిసిన వాసన. బట్టలు ఉతికినా పోయేది కాదు, యూనివర్సిటీలో నా పక్కన కూర్చున్నవాడు జేబులో ఏం తెచ్చావని అడిగేవాడు. బాపు పొద్దున్నే మడిగె ముందర నీళ్ళు చల్లి, గల్లాపెట్టెకు ఊదుబత్తి చూపించి, తరాజు పళ్ళేలను పంచె అంచుతో తుడిచేవాడు. బోణీ కానిదే నోటు విప్పి చిల్లర ఇచ్చేవాడు కాదు. ఎవరైనా తెల్లారగానే పెద్ద నోటు పట్టుకొని వస్తే, కొనేది తీసుకొని కూర్చో, బోణీ కానీ అనేవాడు. వాళ్ళు కూర్చునేవారు కూడా. ఆ కూర్చోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. నాకు బస్సు టైమవుతుండేది, బస్సుకు కావలసిన చిల్లర ఆ పెట్టెలోనే ఉండేది, నాకు కూడా బోణీ అయ్యేదాకా ఇచ్చేవాడు కాదు.

అప్పుడు నేను పట్నం పోయి వస్తూ అర్థశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. మిగతావాళ్ళంతా కంప్యూటర్ కోర్సుల వైపు పరుగెత్తుతుంటే, ఎవరికీ అక్కరలేని ఒక పేపరు నన్ను పట్టుకుంది. డబ్బు గురించి, దేశం మొత్తం రాబడి గురించి మనుషులు మొదట్లో ఎలా ఆలోచించారన్నది ఆ పేపరు. ఓడల్లో వెండి వచ్చి పడుతుంటే స్పెయిన్ రాజు సంబరపడ్డాడు. మరి రొట్టె ధర ఎందుకు పెరుగుతోందని ముందుగా అడిగినవాళ్ళలో అక్కడ పాఠాలు చెప్పే మతగురువులున్నారు. ఫ్రాన్సు రాజు దగ్గరి వైద్యుడొకడు, ఒంట్లో నెత్తురు తిరిగినట్టు దేశంలో రాబడి రైతు దగ్గర మొదలై అందరి చేతుల్లో తిరిగి మళ్ళీ రైతు దగ్గరికే వస్తుందని గీతలు గీసి చూపించాడు. స్కాట్లండు పండితుడొకడు, ఒక్క రాత్రిలో అందరి జేబుల్లోకి డబ్బు వచ్చి పడితే దేశం ధనికమవుతుందా అని అడిగి, ధరలు పెరుగుతాయి, అంతే అన్నాడు. నాకు అందరికంటే నచ్చినవాడు పారిస్‌లో వడ్డీ వ్యాపారం చేసిన ఒక ఐర్లండు మనిషి. కొత్త డబ్బు అందరి జేబుల్లో ఒకేసారి పడదు, ఏదో ఒక గుమ్మంలోంచి వస్తుంది అన్నాడాయన. గుమ్మం దగ్గర నిలబడ్డవాడు పాత ధరకే కొనుక్కుంటాడు. చిట్టచివరివాడికి డబ్బు అందేసరికి పెరిగిన ధర ముందే వచ్చి కూర్చుని ఉంటుంది.

ఆయన చెప్పింది నాకు రోజూ బస్సు కిటికీలోంచి కనబడేది. మా వైపు కొత్త డబ్బుకు గుమ్మం మొయినాబాద్. పట్నంలో కంప్యూటర్ కంపెనీలు లేచిన కొద్దీ, వాటి వెనక పెరిగిన డబ్బు మొయినాబాద్ తోటల్లోకి, చెలకల్లోకి కార్లేసుకొని వచ్చేది. భూమి అమ్మినవాడు మొదట మోటార్‌సైకిల్, తరువాత ఇటుక, తరువాత బంగారం కొనేవాడు. చేవెళ్ళలో మేస్త్రీ రేటు పెరిగింది, గుడ్డు ధర పెరిగింది, మడిగెల కిరాయి పెరిగింది. అన్నిటికంటే చివర, అదీ తిట్టుకుంటూ, కలుపు తీసే ఆడవాళ్ళ కూలి పెరిగింది. అంతమ్మ భూమి కొనలేదు, అమ్మనూ లేదు; కౌలుకు పట్టిన మడిలో కొత్తిమీర వేసి మెహదీపట్నంలో అమ్ముకొచ్చేది. ఆ వరుసలో ఆమెది ఆఖరి చోటు. ఇదంతా నేను నోట్సు రాసుకొని మురిసిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆమె కౌలు పెరిగిందని విన్నప్పుడు నాకు ముందుగా కలిగింది జాలి కాదు, నా సిద్ధాంతం నిజమైందన్న సంతోషం.

ఇంత డబ్బు వచ్చిపడిన చోట ఒక్క రూపాయి బిళ్ళ దొరికేది కాదు. ఆ విసుగు ఇప్పటివాళ్ళకు చెప్పినా తెలియదు. అందరి చేతుల్లో ఐదువందల నోట్లే, అందరికీ కావలసింది అగ్గిపెట్టె. కండక్టరు టికెట్ వెనక మనకు రావలసింది రాసి, దిగేటప్పుడు అడగమనేవాడు. దిగేటప్పుడు అతను వెనక గుమ్మంలో, నేను ముందు గుమ్మంలో. బాపు కొన్నాళ్ళు చిల్లరకు బదులు చాక్లెట్లు ఇచ్చాడు. పిల్లలైతే తిని ఊరుకునేవారు. పెద్దవాళ్ళు దాచిపెట్టి, ఎండకు కరిగి కాగితానికి అంటుకుపోయినవి తెచ్చి మళ్ళీ మా మొహానే కొట్టేవారు. "మీరిస్తే పైస, మేమిస్తే చాక్లెట్టా సేటు?" గల్లాపెట్టెలోకి చీమల బారు పట్టింది.

బిళ్ళలు ఎటు పోతున్నాయో కొంతవరకు నాకు తెలుసు. అవి మా ఇంట్లోనే ఉన్నాయి. బాపు తల్లి, మా నాయనమ్మ, ఆమెను అవ్వ అనేవాళ్ళం. కూరగాయలకని తీసుకున్న చిల్లరలో మిగిలింది ఏనాడూ తిరిగి పెట్టెలో వేసేది కాదు. వంటింట్లో ఆవాల డబ్బాలు వరసగా ఉండేవి, వాటిలో ఒక్కదాంట్లోనే ఆవాలు. నేను ఆమె ముందు చతికిలబడి వివరించేవాణ్ణి: "అవ్వా, నువ్వు దాచిపెడితే బజారుల తిరిగే పైస తక్కువైతది. పైస తిరగాలె."

"తిరిగి తిరిగి అరుగుతది. ఇంట్ల కూసోనీ."

"నోటు తీసుకో, బిళ్ళలు బాపుకియ్యి."

"నోటు ఎలక కొడుతది. బిళ్ళను కొడుతదా? నీ సదువుల ఎలకలు లేవా?"

చివరికి బాపు తనే రూపాయలు చేశాడు. షావుకార్ల ఇంటికి ఊరూరి నుంచీ పెండ్లి కార్డులు వస్తాయి, మందంగా, పసుపు పూసిన మూలలతో. వాటిని కత్తెరతో చిన్న ముక్కలుగా కోసి, కొట్టు రబ్బరు ముద్ర ఊదారంగులో కొట్టి, కింద పొట్టి సంతకం పెట్టి చిల్లరగా ఇవ్వడం మొదలుపెట్టాడు. ముక్క ఒకటికి రూపాయి; బజారులో వాటిని చీటీలనేవారు. వెనక సగం పెండ్లికూతురి పేరు, మరో దాని మీద వినాయకుడి తొండం. వాటిని మంగలి తీసుకున్నాడు, పిండిగిర్నీవాడు తీసుకున్నాడు, మొయినాబాద్ దాకా తిరిగే ఆటోవాడు కూడా తీసుకున్నాడు. ఎటుపోయినా అందరూ చివరికి ఉప్పుకో చక్కెరకో మా కొట్టుకు రావలసినవాళ్ళే. నా పుస్తకంలోని అధ్యాయాలు మా గల్లాపెట్టెలోంచి లేచి బజారులో నడుస్తున్నాయి. బాపుకు మాత్రం అది అలవాటైపోయింది. చీటీలు కొన్ని పోతాయి, కొన్ని వానకు తడుస్తాయి, పోయినవన్నీ మనకు మిగిలినట్టే అని ఆయనకు త్వరగానే తెలిసింది. మధ్యాహ్నం బేరం లేనప్పుడు కత్తెర తీసేవాడు. పెండ్లికి పోవడం మానేశాడు గానీ కార్డు కోసం అడిగి తెప్పించుకునేవాడు. నేను వద్దని చెప్పాను, వినలేదు. ఇంట్లో వినేవాడు దొరక్కపోతే బయట దొరికినవాడికి చెప్పడం నా స్వభావం.

ఒక సంతరోజు బస్టాండు పక్కన నర్సింలు హోటల్లో చాయ్ తాగుతున్నాను. బజారు చీటీలు ఎక్కువగా పోగయ్యేది అతని దగ్గరే. అందరూ వింటుండగా నర్సింలు నన్ను గెలికాడు. "ఏమయ్య ఎమ్మే, మీ బాపు రూపాయలు అచ్చు గొడుతున్నడు. సర్కారుకు తెలిస్తే పట్టుకపోరా?"

"సర్కారు సంగతి కాదన్నా, నిలువ సంగతి. బయట ఎన్ని చీటీలు తిరుగుతున్నయో గల్లల అన్ని బిళ్ళలుండాలె. లేకుంటే అది ఉత్త మాటే."

"మరి ఉన్నయా?"

చాయ్ తాగి వెళ్ళిపోవచ్చు. తెలియదు అనవచ్చు. "యాడివి? పెండ్లి కార్డులు దొరికినన్ని దినాలు కోస్తనే ఉన్నడు" అన్నాను. అక్కడున్నవాళ్ళు నవ్వారు, నాకు ఛాతీ ఉబ్బింది. నర్సింలు నవ్వలేదు. భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకొని లోపలికి వెళ్ళి, చీటీల డబ్బా పట్టుకొచ్చి మా కొట్టు దారి పట్టాడు.

నేను ఇంటికి చేరేసరికి కొట్టు ముందర బారు. ఎవరూ గొడవ చేయడం లేదు, అదే భయం. ఒక్కొక్కరూ వచ్చి తల దించుకొని, "జర చిల్లర అవసరం పడ్డది సేటు" అని చీటీలు ముందు పెడుతున్నారు. బాపు పప్పు ఇస్తానన్నాడు, సబ్బులు ఇస్తానన్నాడు. ఎవరికీ వద్దు, బిళ్ళలే కావాలి. పెట్టె నిండా డబ్బుంది, కానీ అంతా ఐదువందల నోట్లు. పొద్దున భూమి అమ్మినాయన గృహప్రవేశానికి సామాను కొన్న నోట్లు. రూపాయి అడిగినవాడి చేతిలో ఐదువందలు ఎలా పెడతాడు? ముందున్నవాళ్ళకు ఇచ్చేసరికే బిళ్ళలు అయిపోయాయి. వెనకవాళ్ళు అది చూశారు, బారు పెరిగింది. ఆ బజారులో మా తాత నాటి నుంచి మా మాటకు ఒక విలువ ఉంది. అది ఆ సాయంత్రంతో పోతుందని బాపు మొహంలో రాసి ఉంది. "ఏమైందయ్య ఇయ్యాల అందరికి? ఎవరేమన్నరు?" అని అడిగాడు. బారులోంచి ఎవరో, "బయటోళ్ళు గాదు సేటు, మీ ఎమ్మే పిలగాడే చెప్పిండు" అన్నారు. బాపు నన్ను తిట్టలేదు. కొట్టలేదు. తరాజు పళ్ళెంలో ఎవరి కోసమో పోసిన చక్కెరను మళ్ళీ సంచిలో పోసుకున్నాడు.

కొట్టు వెనకే ఉన్న ఇంట్లోంచి అవ్వ వచ్చింది, చంకన రెండు ఆవాల డబ్బాలతో. బల్ల మీద ఠంగుమని పెట్టి, మూత మీద చెయ్యి తీయకుండా బాపుతో అంది: "ఇస్త. కని ఊరికె ఇయ్య. నువ్వు ఇయ్యాల్టి సంది కత్తెర పట్టొద్దు. ఇగ బిళ్ళలు వీడే పంచాలె, ఒక్కొక్కల చేతుల పెట్టాలె. నోట్లకెల్లి ఒక్క మాట రావొద్దు." ఆపద వేళ అప్పు ధారాళంగా ఇవ్వాలి గానీ షరతు కఠినంగా పెట్టాలని మా పేపరు చివరలో ఒక పాఠం ఉంది. అది నాకు చెప్పే అవకాశం కూడా ఆమె ఇవ్వలేదు. నేను బిళ్ళలు చేతుల్లో పెడుతుంటే, బాపు వచ్చిన చీటీని వచ్చినట్టు అందరి ముందర చింపాడు. పెండ్లికూతుళ్ళు, వినాయకులు కాళ్ళ కింద కుప్పపడ్డారు.

డబ్బా అడుగు కనబడుతుండగా, సంతరోజని దారిలో తన ఊరి దగ్గర దిగకుండా చేవెళ్ళ దాకా వచ్చి, పట్నం బస్సు దిగి అంతమ్మ వచ్చింది, ఖాళీ గంప నెత్తిన పెట్టుకొని. "ఏం బారు ఇది? చక్కెర పంచుతున్నరా?" అంటూ సందు చేసుకొని ముందుకొచ్చి, చాయ్‌పత్తా అడిగి, పది రూపాయల నోటు పెట్టింది. ఎవరో ఆమెకు సంగతి చెప్పారు. ఆమెకు కోపం వచ్చింది, బాపు మీద కాదు, బారు మీద. "ఉన్న చిల్లరంతా మీరే ఊడ్చుకపోతే నాకెవరిస్తరు? నేను రేపు తెల్లారి ఆటో ఎక్కాల్నా వద్దా?" బాపు డబ్బాలోకి చూశాడు, చీటీల కుప్పను చూశాడు. మిగిలిన బిళ్ళలు బారుకే చాలవు, పాత చీటీలన్నీ చిరిగిపోయాయి. చాయ్‌పత్తా డబ్బా ఎర్ర అట్ట తీసి, కత్తెర ముట్టకుండా అప్పటికప్పుడు చేత్తోనే ముక్కలు చించి ముద్ర కొట్టాడు. ఆమె ఒక దాన్ని తిప్పి చూసింది. "ఎర్రగున్నది. ఇది నడుస్తదా?"

"నడుస్తది. నా ముద్ర ఉన్నది గద."

"సరే తియ్యి" అని కొంగున కట్టుకొని పోయింది. ఆమె మమ్మల్ని కాపాడాలని ఏమీ అనుకోలేదు; ఆమెకు ఆకలిగా ఉంది, ఇంటికి పోయి పొయ్యి వెలిగించాలి. కానీ అందరూ చీటీలు తెచ్చి ఇస్తున్న పూట ఒక మనిషి చీటీలు తీసుకొని పోవడం బారంతా చూసింది. ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు. ఒకాయన సబ్బు తీసుకున్నాడు. నర్సింలు తన బిళ్ళల డబ్బా చంకలో పెట్టుకొని అటూ ఇటూ చూసి హోటలుకు నడిచాడు. అవ్వ డబ్బాలో కొన్ని బిళ్ళలు మిగిలాయి.

మర్నాడు నీళ్ళు చల్లుతూ బాపు అడిగాడు: "నిన్న అయింది నీ పుస్తకంల ఉన్నదా?"

"ఉన్నది బాపు."

"ఏమని ఉన్నది?"

"అందరు ఒక్కసారి వస్తే ఎంత గట్టి కొట్టయినా నిలవదని."

"మరి నర్సింలుకు అది చెప్పకపోతివి?" అని, ఊదుబత్తి వెలిగించి, ఆ విషయం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. కత్తెర కూడా పట్టలేదు. నేను చెప్పిన లెక్క తప్పు కాదు, బాపు నిజంగానే ఎక్కువ చీటీలు కోశాడు. అదే నన్ను ఇంతకాలం విసిగించింది. తప్పు చెప్పి ఉంటే క్షమాపణ అడిగేవాణ్ణి; నిజంలో సగం చెప్పినవాడికి ఏమని అడగాలో తోచలేదు. నేను అడగకముందే ఆయన చనిపోయాడు.

ఇప్పుడు ఆ మడిగెలో చిల్లర గొడవే లేదు. గోడకు గళ్ళ బొమ్మ అంటించి ఉంది, ఫోను చూపిస్తే డబ్బా ఒకటి ఆడగొంతుతో డబ్బు అందిందని అరుస్తుంది. ఎవరికి ఎవరి ముఖం చూసే పని లేదు. మొయినాబాద్‌లో అప్పటి కొత్తిమీర మడుల్లో కాంపౌండు గోడలు లేచాయి. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు అప్పుడే వెళ్ళిపోయారు. అంతమ్మ ఆ తరువాత కూడబెట్టి కొన్న చిన్న జాగ కూడా చివరికి అమ్ముడుపోయింది. ఇవన్నీ పాఠంగా నేను ఎన్నో ఏళ్ళు కాలేజీ పిల్లలకు చెప్పాను. చెప్పీ చెప్పీ, ఆ పాఠంలోని మనిషి స్వయంగా మెట్టెక్కి వచ్చి ఒక ప్రశ్న అడిగితే, అదే ప్రశ్న, అదే అట్ట, పకపకా నవ్వాను.

మధ్యాహ్నం బస్సెక్కి ఆమె ఊరికి పోయాను. ఏం తీసుకుపోవాలో తేలక బజారులో చాలాసేపు తిరిగాను. చీటీకొక రూపాయి ఇస్తే వెక్కిరింపు, పెద్ద నోటు ఇస్తే భిక్ష. బాపు ఉంటే సరుకు ఇచ్చేవాడు. అప్పట్లో రూపాయికి ఎంత బెల్లం వచ్చేదో గుర్తు చేసుకోబోయాను, రాలేదు. ధరల మీద ఉపన్యాసాలిచ్చినవాడికి సొంత కొట్టులో బెల్లం ధర గుర్తులేదు. చివరికి ఒక దిమ్మ మొత్తం కొన్నాను.

అంతమ్మ ఇంటి ముందర సామాను గుట్టగా ఉంది. మంచం పట్టె మీద కూర్చొని తాళ్ళు ముడివేస్తోంది. "పొద్దున నవ్వకుండ ఉండాల్సింది అక్కా" అన్నాను.

"నవ్వితే నవ్వినవు. నడుస్తయా అని అడిగితే జవాబు చెప్పకపోతివి."

"నడుస్తయి. బాపు ముద్ర ఉన్నది గద" అని, నా దగ్గర మిగిలిన ముక్కను ఆమె చేతిలో పెట్టాను. ఆమె కొంగు విప్పి, దాన్ని కూడా కలిపి, అన్నీ నాకు ఇచ్చింది. నేను బెల్లం ముందు పెట్టాను. ఆమె దిమ్మను రెండు చేతులా ఎత్తి బరువు చూసింది. "గీటికి గంత బెల్లమా? మీ బాపు గిట్ల తూచెటోడు కాదు. కొట్టు ముంచుతవు" అని, పక్కనున్న రోకలి తీసి దిమ్మను కొట్టింది. పెద్ద ముక్క తను తీసుకొని, చిన్నది నా వైపు జరిపింది.

ఆ బెల్లానికి అప్పటి ధర వేరు, ఇప్పటి ధర వేరు, రూపాయి విలువ ఎలా కరుగుతుందో చెప్పాలని నోరు తెరిచాను. తెరిచిన నోట్లో ఆమె ఆ ముక్క పెట్టింది. "ఇగో, నీ చిల్లర. ఇగ బాకీ లేదు."

మాట్లాడడానికి వీల్లేకుండా బెల్లం చప్పరిస్తూ, ఆమె చూస్తుండగా, చీటీలు ఒక్కొక్కటిగా చింపాను.